సెలవులు తక్కువ, జీతం అంతంత మాత్రం: శ్రీకాకుళం, విజయనగరం నుంచి తరచూ ఊళ్ళు తిరగడం ఎలా

మీకు ఏడాదికి పదిహేను సీఎల్‌లు, అంటే క్యాజువల్ లీవులు, ఉన్నాయనుకోండి. పెళ్ళిళ్ళకి నాలుగు, గృహప్రవేశాలకీ బారసాలలకీ రెండు, పిల్లలకి జ్వరాలొస్తే రెండు, ఊళ్ళో అమ్మవారి పండక్కి ఒకటి, రిజిస్ట్రేషన్ పనికో బ్యాంకు పనికో మరొకటి పోతాయి. మిగిలేవి నాలుగో ఐదో. వాటిని కలిపి ఒకేసారి ఊటీ వెళ్దామనో గోవా వెళ్దామనో దాచుకుంటారు. డిసెంబరు 31 వచ్చేసరికి ఊటీ లేదు, సెలవులూ మురిగిపోతాయి.

ఆ నాలుగైదు సెలవులే చేతిలో పెట్టుకుని నెలా రెండు నెలలకోసారి ఎక్కడికైనా వెళ్ళిరావచ్చు. అందుకు రెండు అలవాట్లు మార్చుకోవాలి. మొదటిది, పెద్ద టూర్ కోసం సెలవులు కూడబెట్టడం. ఒక్క సెలవుకి ఒక్క ఊరు అనుకోండి చాలు. రెండోది, ప్రయాణం అనగానే విశాఖ వైపు తిరగడం. విశాఖ, ఆ తర్వాత విజయవాడ, హైదరాబాదు, తిరుపతి. అటు వెళ్ళే బండ్లు ఎప్పుడూ కిటకిటే, దూరమూ ఎక్కువే. మన వీపు వెనక ఒడిశా ఉంది, పడమట ఛత్తీస్‌గఢ్‌లోని బస్తర్ ఉంది. రాత్రి బండెక్కి పడుకుంటే తెల్లారేసరికి కొత్త భాష వినిపించే చోట దిగుతాం. నన్నడిగితే మన రెండు జిల్లాల వాళ్ళకి ఉన్న అసలు అదృష్టం ఇదే, దాన్ని వాడుకునేవాళ్ళు తక్కువ.

క్యాలెండర్ పక్కన పంచాంగం పెట్టుకోండి

కొత్త క్యాలెండర్ గోడకి తగిలించిన రోజే పెన్ను తీసుకుని శుక్రవారం, సోమవారం వచ్చే పబ్లిక్ హాలిడేలకి సున్నాలు చుట్టండి. 2026లో వినాయక చవితి సెప్టెంబరు 14, సోమవారం. గాంధీ జయంతి, క్రిస్మస్ రెండూ శుక్రవారాలే. శనివారం కూడా సెలవున్న వాళ్ళకి ఇవి సీఎల్ ఖర్చు లేకుండా వచ్చే మూడేసి రోజులు. బ్యాంకు వాళ్ళకి రెండో, నాలుగో శనివారాలు ఎలాగూ ఉన్నాయి. స్టేట్ గవర్నమెంటు ఉద్యోగులు ఆప్షనల్ హాలిడేల్ని మర్చిపోతుంటారు. వాటినీ ఇదే పేజీలో రాసుకోండి.

అయితే మూడు రోజుల సెలవు మీ ఒక్కరికే రాదు. ఆ వారం అరకు వెళ్తే రూము రేటు రెట్టింపు, బొర్రా గుహల దగ్గర క్యూ. అందుకని అలాంటి వారాంతాలకి పేరు పడని ఊళ్ళు పెట్టుకుని, పేరున్న ఊళ్ళకి మామూలు వారంలో ఒక సీఎల్ పెట్టి వెళ్ళడం మేలు.

ఇప్పుడు పంచాంగం. మన సెలవుల్ని ఎక్కువగా తినేసేవి పెళ్ళి కార్డులే కదా. ముహూర్తాలు లేని నెలల్లో కార్డులు రావు. ఆషాఢం, భాద్రపదం, పుష్యం, మధ్యలో వచ్చే మూఢాలు ఎప్పుడెప్పుడో ముందే గుర్తు పెట్టుకోండి. 2026లో అదనంగా జ్యేష్ఠం అధికమాసం, మే 17 నుంచి జూన్ 15 దాకా. ఇంట్లో "ఆ రోజు ఫలానా వాళ్ళ అబ్బాయి పెళ్ళి కదా" అనే మాట రాని రోజులివి, టికెట్ ధైర్యంగా బుక్ చేసుకోవచ్చు. పైగా ఆషాఢ, భాద్రపదాల్లో వానలకి కొండలు పచ్చబడి, జలపాతాలు నిండుగా ఉంటాయి. ఆషాఢంలో పూరీ మాత్రం పెట్టుకోకండి, రథయాత్ర చూడాలనే కోరిక ఉంటే తప్ప.

పెళ్ళికి ఎలాగూ వెళ్ళక తప్పని చోట ఆ సెలవునే రెండు పనులకి వాడండి. ముహూర్తం రాత్రి పన్నెండున్నరకి రాజమండ్రిలో ఉందంటే, మధ్యాహ్నం భోజనాల టైముకే వెళ్ళి కూర్చోవాల్సిన పని లేదు. పొద్దున్నే దిగి గోదావరి గట్టు, కడియం నర్సరీలు చూసుకుని సాయంత్రానికి పెళ్ళింటికి చేరినా ఎవరూ ఏమీ అనుకోరు.

విజయనగరం వాళ్ళకి ఒక హెచ్చరిక. దసరా తర్వాత మంగళవారం పైడితల్లి అమ్మవారి సిరిమానోత్సవం. ఆ వారం ఇంటినిండా చుట్టాలే. ట్రిప్ ఊసెత్తకండి.

సెలవుని రోజుల్లో కాదు, గంటల్లో లెక్కపెట్టండి

శుక్రవారం సాయంత్రం ఆరింటికి ఆఫీసు వదిలి, సోమవారం పొద్దున్న తొమ్మిదింటికి మళ్ళీ డ్యూటీలో చేరితే మధ్యలో అరవై మూడు గంటలు. శనివారం పని ఉన్నవాళ్ళకి దీని ఖరీదు ఒక్క సీఎల్. ఇందులో మూడు రాత్రులున్నాయి. శుక్రవారం రాత్రి వెళ్ళే బండిలో, ఆదివారం రాత్రి వచ్చే బండిలో పడుకుంటే, ఊళ్ళో రెండు పూర్తి పగళ్ళు దొరుకుతాయి, రూము అద్దె ఒక్క రాత్రికే.

షిఫ్టుల వాళ్ళు తమకి వీలు కాదనుకుంటారు గానీ, నిజానికి వాళ్ళకే సులువు. పైడిభీమవరం కంపెనీల్లో పనిచేసే కుర్రాళ్ళు శనివారం పొద్దున్న ఆరింటికి నైట్ షిఫ్టు దిగి, ఆదివారం వీక్లీ ఆఫ్ వచ్చి, సోమవారం మధ్యాహ్నం రెండింటి షిఫ్టు పడితే, ఒక్క సెలవు పెట్టకుండా యాభై ఆరు గంటలు చేతిలో ఉన్నట్టే. షిఫ్టు చార్టు రాగానే ఇలాంటి వారం ఎక్కడుందో వెతకండి. పండగ రోజు డ్యూటీ చేసి దానికి బదులు సెలవు (సి-ఆఫ్) తీసుకుంటే ఇంకా మంచిది, జనం లేని రోజుల్లో తిరగొచ్చు.

ఇంకో చిన్న కిటుకు, హాఫ్ డే సీఎల్. శుక్రవారం మధ్యాహ్నం సగం రోజు పెట్టుకుంటే సాయంత్రం బండ్లు కూడా అందుబాటులోకి వస్తాయి. పూర్తి సీఎల్ పెట్టినవాడికి దొరికే దాంట్లో ముప్పావు వంతు మీకు సగం ఖర్చుతో దొరుకుతుంది.

దూరానికి ఒక గీత గీసుకోండి. ఒక్క రాత్రి నిద్రలో చేరలేని ఊరు ఈ పద్ధతికి పనికిరాదు. ధన్‌బాద్ నుంచి అలెప్పీ వెళ్ళే ఎక్స్‌ప్రెస్ విజయనగరం మీదుగానే పోతుంది, కేరళ వెళ్ళడానికి ఊరిస్తుంది. కానీ అందులో ఒక పగలూ ఒక రాత్రీ బండిలోనే గడుస్తాయి. దాన్ని సంక్రాంతికో దసరాకో వదిలేయండి.

ఎటు వెళ్ళాలి

ముందు పడమర సంగతి చెప్తాను, మనవాళ్ళు ఎక్కువగా వదిలేసేది అదే కాబట్టి. విజయనగరం దగ్గర మెయిన్ లైను నుంచి ఒక దారి బొబ్బిలి, పార్వతీపురం మీదుగా రాయగడ వైపు చీలుతుంది. భువనేశ్వర్ నుంచి జగదల్‌పూర్ వెళ్ళే హిరాఖండ్ ఎక్స్‌ప్రెస్ ఆ దారినే, అర్ధరాత్రి దాటాక విజయనగరం వస్తుంది. భోంచేసి, ఇంట్లో రెండు గంటలు కునుకు తీసి స్టేషన్‌కి వెళ్ళొచ్చు. బెర్తు ఎక్కి దుప్పటి కప్పుకుంటే రాయగడ దాటాక తెల్లవారుతుంది. అక్కడి నుంచి కోరాపుట్ దాకా నిద్రపోకండి. సొరంగంలోంచి బయటికి రాగానే లోయ, లోయ మీద వంతెన, వంతెన దాటగానే మళ్ళీ సొరంగం. కిటికీ ఎత్తితే మే నెలలో కూడా చల్లగాలి తగులుతుంది. చిన్న స్టేషన్లలో ఆకు దొప్పల్లో పండ్లు పట్టుకుని ఆడవాళ్ళు ఎక్కుతారు. అడివి పండ్ల కాలమైతే కొనుక్కోండి, బజార్లో దొరకవు.

కోరాపుట్‌లో దిగితే కొండ మీద శబర శ్రీక్షేత్రం అని పిలిచే జగన్నాథ ఆలయం, దాని పక్కనే గిరిజన మ్యూజియం నడిచి చూడొచ్చు. 1,672 మీటర్ల దేవమాలి ఒడిశాలోకెల్లా ఎత్తైన శిఖరం. దానికి మాత్రం జీపు మాట్లాడుకోవాలి, నలుగురు ఉంటేనే గిట్టుబాటు. జగదల్‌పూర్ దాకా వెళ్తే అక్కడికి నలభై కిలోమీటర్లలో ఇంద్రావతి నది మీద చిత్రకోట్ జలపాతం. ఆగస్టు, సెప్టెంబరు నెలల్లో ఎర్రమట్టి నీళ్ళతో ఈ కొస నుంచి ఆ కొస దాకా దూకుతుంది. ఎండాకాలంలో వెళ్తే రెండు మూడు పాయలే ఉంటాయి. తీరథ్‌గఢ్ జలపాతం కాంగేర్ లోయలో ఉంది. అదే అడవిలోని కుటుమ్‌సర్ గుహ వానాకాలంలో మూసేస్తారు కాబట్టి గుహ కావాలో జలపాతం కావాలో ముందే తేల్చుకోండి. రెండూ ఒకేసారి కావాలంటే వానలు వెనకబట్టి గుహ తెరిచిన కొత్తల్లో, నవంబరులో వెళ్ళాలి. ఒకటిన్నర రోజు జగదల్‌పూర్‌కి చాలు.

అరకు కొండ రైలు పగటిపూట చూడాలనుకునే వాళ్ళకి కిరండూల్ ప్యాసింజర్ ఉంది. దాని కోసం విశాఖ వెళ్ళి రూము తీసుకునేవాళ్ళని చూస్తుంటాను. విజయనగరం వాళ్ళకి ఆ ఖర్చు దండగ. బండి పొద్దున్నే విశాఖలో బయలుదేరి కొత్తవలస, శృంగవరపుకోట మీదుగానే కొండెక్కుతుంది. తెల్లవారి బస్సులో ఎస్.కోట వెళ్ళి అక్కడ ఎక్కండి. అరకు వెళ్ళేటప్పుడు రైల్లో, వచ్చేటప్పుడు ఘాట్ రోడ్డు మీద ఎస్.కోట బస్సులో వస్తే ఒకే ఆదివారంలో రెండు దారులూ చూసినట్టవుతుంది, సాయంత్రానికి ఇంటికి చేరతారు. సీజన్‌లో ఎస్.కోటలో సీటు దొరకదు. నిలబడే ఓపిక ఉండాలి, లేదంటే రిజర్వేషన్ చేయించుకోవాలి.

ఉత్తరం వైపు సంగతి శ్రీకాకుళం వాళ్ళకి కొత్తేమీ కాదు, పూరీ వెళ్ళని ఇల్లుండదు. కానీ పూరీ వెళ్ళి పూరీ నుంచే తిరిగొచ్చేస్తారు. దారిలో బరంపురం దిగితే పదహారు కిలోమీటర్లలో గోపాల్‌పూర్ బీచ్, అక్కడ ఒక పూట. రంభ నుంచి బాలుగావ్ దాకా రైలు చిలికా సరస్సు అంచునే పోతుంది. భువనేశ్వర్ వైపు వెళ్ళేటప్పుడు కుడివైపు కిటికీ పట్టుకోండి. బాలుగావ్ దగ్గర బర్కుల్‌లో పడవలుంటాయి, కాళీజాయి దీవికి తీసుకెళ్తాయి. ఒక ట్రిప్‌లో చిలికా మాత్రమే పెట్టుకోండి, ఇంకో ట్రిప్‌లో భువనేశ్వర్. ఉదయగిరి, ఖండగిరి గుహల్లో ఖారవేలుడి హాథీగుంఫా శాసనం, ధవళగిరి దగ్గర అశోకుడి శిలాశాసనం చూశాక మన శాలిహుండం, ముఖలింగం కొత్తగా కనిపిస్తాయి. అదంతా ఒకే కళింగ కథ. బరంపురం, రాయగడ, జయపురం ఊళ్ళలో భాష గురించి టెన్షన్ అక్కర్లేదు. ఆటోవాడికో టిఫిన్ బండివాడికో తెలుగు వచ్చే ఉంటుంది.

ఇక ఒక్క సెలవూ ఖర్చు కాని ఆదివారాలు. నౌపడా నుంచి గుణుపురం పోయే లైనుంది. 1900లో పర్లాకిమిడి దాకా అక్కడి మహారాజు వేయించిన చిన్న రైలు అది, 2011 నుంచి బ్రాడ్‌గేజ్ మీద నడుస్తోంది. టెక్కలి, పాతపట్నం దాటి పర్లాకిమిడిలో దిగి గజపతి కోట చూసి, మధ్యాహ్నం భోజనం చేసి వెనక్కి రావచ్చు. శ్రీకూర్మం, కళింగపట్నం బీచ్, లైట్‌హౌస్, వంశధార ఒడ్డున శాలిహుండం బౌద్ధ స్తూపాలు ఒక రోజు పని. నరసన్నపేట మీదుగా శ్రీముఖలింగం ఇంకో రోజు. అక్కడ అందరూ ముఖలింగేశ్వరుణ్ణి చూసి బండెక్కేస్తారు. ఊళ్ళోనే ఉన్న భీమేశ్వర, సోమేశ్వర ఆలయాలకి కూడా నడవండి. చలికాలంలో తేలినీలాపురం, చింతచెట్ల మీద గూడబాతులు, ఎర్రకాళ్ళ కొంగలు. విజయనగరం వైపు రామతీర్థం, బొబ్బిలి కోట, గొల్లపల్లిలో వీణలు చేసే ఇళ్ళు, తాటిపూడి రిజర్వాయరు. ఇవేం ట్రిప్పులు అని తీసిపారేయకండి. తిరుగుడు అలవాటయ్యేది వీటితోనే. పెద్ద ప్రయాణంలో ఎవరు నడవగలరు, ఎవరు గంటకోసారి ఆకలంటారు అన్నది కూడా ఇక్కడే తెలిసిపోతుంది.

టికెట్ విషయం

రిజర్వేషన్ ఇప్పుడు 60 రోజుల ముందు, పొద్దున్న ఎనిమిదింటికి తెరుచుకుంటుంది. 2024 నవంబరుకి ముందు 120 రోజులుండేది. తగ్గడం మనలాంటి వాళ్ళకి మంచిదే. నాలుగు నెలల తర్వాత సెలవిస్తారో లేదో ఎవరికి తెలుసు, రెండు నెలలైతే మేనేజరుని అడగొచ్చు. ఈ 60 రోజులు బండి బయలుదేరే మొదటి స్టేషన్ తేదీ నుంచి లెక్క. భువనేశ్వర్‌లో శుక్రవారం బయలుదేరిన బండి మీకు శనివారం ఒంటిగంటకి వచ్చినా, బుకింగ్ శుక్రవారం లెక్కనే తెరుచుకుంటుంది.

ఇక్కడే ఎక్కువమంది బోల్తా పడతారు. అర్ధరాత్రి పన్నెండు దాటాక వచ్చే బండికి మీ స్టేషన్‌లో తేదీ మారిపోతుంది. శుక్రవారం రాత్రి భోంచేసి స్టేషన్‌కి వెళ్ళేవాళ్ళు టికెట్ మీద శనివారం తేదీ ఉందో లేదో చూసుకోవాలి. శుక్రవారం తేదీతో బుక్ చేస్తే ఆ బండి గురువారం రాత్రే వెళ్ళిపోయినట్టు.

మీ ఐఆర్‌సీటీసీ అకౌంటుకి ఆధార్ లింక్ చేయడం ఈ రోజే చేయండి. బుకింగ్ తెరిచిన మొదటి రోజున ఆధార్ ఉన్న అకౌంట్లకే ఆన్‌లైన్‌లో టికెట్ ఇస్తారు, తత్కాల్‌కి అయితే అది తప్పనిసరి. తత్కాల్ ముందురోజు ఏసీకి పదింటికి, స్లీపర్‌కి పదకొండింటికి. దాన్ని నమ్ముకుని ప్లాన్ వేయకండి. రేటు ఎక్కువ, కన్‌ఫర్మ్ అయ్యాక మీరు మానుకుంటే డబ్బు రాదు.

శ్రీకాకుళం రోడ్, విజయనగరం మధ్యలో వచ్చే స్టేషన్లు కాబట్టి మనకి వచ్చే కోటా చిన్నది. వెయిటింగ్ లిస్టు చూపిస్తే అదే బండికి మొదటి స్టేషన్ నుంచి చూడండి. అక్కడి నుంచి ఖాళీ ఉంటే ఆ టికెట్ తీసుకుని, బోర్డింగ్ పాయింట్ మన స్టేషన్‌గా పెట్టుకోవచ్చు. స్లీపర్‌లో ఛార్జీ తేడా భరించగలిగినంతే ఉంటుంది. బోర్డింగ్ మార్చడం మర్చిపోతే మాత్రం మీ సీటు వేరేవాళ్ళకి పోతుంది. వెయిటింగ్ లిస్టులోనే మిగిలిపోయిన ఆన్‌లైన్ టికెట్ దానంతటదే క్యాన్సిల్ అవుతుంది, దాంతో బండెక్కకూడదు.

వందేభారత్ మన స్టేషన్లలో ఆగుతోంది, బాగుంటుంది కూడా. కాకపోతే అది మిగిల్చేది టైము, డబ్బు కాదు. నాలుగైదు గంటల పగటి ప్రయాణానికి ప్యాసింజరో, సెకండ్ సిట్టింగో చాలు.

ఖర్చు ఎక్కడ కారిపోతుంది

రైలు టికెట్ దగ్గర కాదు. ఆటోలు, రూము, హోటల్ భోజనం దగ్గరే ఖర్చు తడిసి మోపెడవుతుంది.

రాను పోను టికెట్లు రెండు నెలల ముందు జీతంలో, రూము తర్వాతి నెల జీతంలో, తిండీ ఆటోలూ వెళ్ళే నెల జీతంలో పడేలా చూసుకోండి. మొత్తం అంతే అయినా ఏ ఒక్క నెలా చెయ్యి కాలదు.

రూము లేకుండా కూడా ఒక ట్రిప్ నడుస్తుంది. శనివారం రాత్రి ఎక్కి, ఆదివారం తెల్లవారి భువనేశ్వర్‌లో దిగి, వెయిటింగ్ హాల్లో స్నానం చేసి, సంచి క్లోక్‌రూమ్‌లో పడేసి రోజంతా తిరిగి, రాత్రి బండికి వెనక్కి రావడం. క్లోక్‌రూమ్‌లో తాళం లేని సంచి తీసుకోరు, చిన్న తాళం దగ్గరుంచుకోండి. పెళ్ళికాని కుర్రాళ్ళకి, ఇద్దరు ముగ్గురు స్నేహితురాళ్ళకి ఇది భేషుగ్గా ఉంటుంది. చిన్నపిల్లలతో, అమ్మానాన్నలతో మాత్రం ఈ సాహసం వద్దు. వాళ్ళతో వెళ్తే స్టేషన్ రిటైరింగ్ రూములు ముందుగా చూడండి. టికెట్ ఉన్నవాళ్ళు ఆన్‌లైన్‌లోనే బుక్ చేసుకోవచ్చు, కొన్ని గంటలకి కూడా ఇస్తారు. బర్కుల్, రంభ, గోపాల్‌పూర్‌లలో ఒడిశా టూరిజం వాళ్ళ పాంథనివాస్‌లు ఉన్నాయి. చవక అనను గానీ, సరస్సు పక్కనో సముద్రం పక్కనో ఉంటాయి కాబట్టి ఆటో ఖర్చు మిగులుతుంది. లెక్క అక్కడా ఇక్కడా సరిపోతుంది.

నలుగురు కలిస్తే జీపు, ఆటో ఖర్చు పావలాకి దిగుతుంది. అంతకన్నా ఎక్కువమందిని పోగేయకండి. ఆరుగురి సెలవులు ఒకే రోజు కలవడం జరిగే పని కాదు, వాట్సాప్ గ్రూపులోనే ట్రిప్ ముగుస్తుంది.

ఇంట్లో ఆడవాళ్ళకి 2025 ఆగస్టు 15 నుంచి ఆర్టీసీలో పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ప్రయాణం ఉచితం. ఆంధ్రా అడ్రసున్న గుర్తింపు కార్డు చూపించి జీరో టికెట్ తీసుకోవాలి. రాష్ట్రం దాటే సర్వీసులకి వర్తించదు కాబట్టి పర్లాకిమిడి వెళ్ళేవాళ్ళు పాతపట్నం దాకా మన బస్సులో వెళ్ళి, సరిహద్దు దాటడానికి షేర్ ఆటో ఎక్కండి. ఆ దూరం ఎంతో లేదు.

తిండికి మొదటి పూట ఇంటి కట్టు. పులిహోర, చపాతీలు, పెరుగన్నం రాత్రికి సరిపోతాయి. పొద్దుటికి జంతికలు, పలాస జీడిపప్పు, తాండ్ర ముక్క ఉంటే స్టేషన్ బయట ఇరవై నిమిషాలు హోటల్ వెతుక్కునే పని తప్పుతుంది. మధ్యాహ్నం మాత్రం ఆ ఊరి తిండే తినండి. దాల్మా, పఖాళ తినకుండా ఒడిశా వెళ్ళొచ్చి ఏం లాభం?

సంచి

భుజానికి ఒకటే. రెండు జతలు, తువ్వాలు, పలచటి శాలువా, తాళం, పవర్ బ్యాంకు, మాత్రలు. దాన్ని విప్పేయకుండా బీరువా పక్కనే ఉంచితే ట్రిప్ వాయిదా వేయడానికి ఒక కారణం తగ్గుతుంది.

అక్టోబరు, నవంబరు నెలల్లో

మన తీరానికి తుఫాన్లు వచ్చే నెలలివి. 2013లో ఫైలిన్, 2014లో హుద్‌హుద్, 2018లో తిత్లీ, మూడూ అక్టోబరులోనే. విశాఖ, పలాస, గోపాల్‌పూర్ వైపే తాకాయి. అలాగని రెండు నెలలు ఇంట్లో కూర్చోనక్కర్లేదు. వానలు వెనకబట్టాక కొండలు చూడ్డానికి ఇంతకన్నా మంచి కాలం లేదు. డబ్బు మాత్రం ఇరుక్కోకుండా చూసుకోండి. డబ్బు వాపసు ఇవ్వని రూము బుక్ చేయకండి. రైల్వే వాళ్ళే బండి రద్దు చేస్తే ఆన్‌లైన్ టికెట్ డబ్బు మొత్తం వెనక్కి వస్తుంది, మీరు ముందే భయపడి క్యాన్సిల్ చేస్తే కోత పడుతుంది. అందుకని బంగాళాఖాతంలో వాయుగుండం అని వినగానే క్యాన్సిల్ నొక్కకుండా, బండి రద్దయిందన్న ప్రకటన వచ్చేదాకా చూడండి. తుఫాను హెచ్చరిక ఉన్నప్పుడు చిలికాలో పడవ ఎక్కే ఆలోచన మానుకోండి, బీచ్ సంగతి సరేసరి.

సోమవారం పొద్దున్న

ఎక్కువమంది ట్రిప్పులు మానేసేది ఈ ఒక్క పొద్దుటి కారణంగానే. ఆదివారం రాత్రి బండి ఆలస్యమై, పదకొండింటికి ఆఫీసుకి చేరి, నాలుగు మాటలు పడ్డాక ఇంకెప్పుడూ సెలవడగడానికి నోరు రాదు. తిరుగు బండి డ్యూటీ టైముకి కనీసం మూడు గంటల ముందు దిగేదే ఎంచుకోండి. అలాంటిది లేకపోతే ఆదివారం మధ్యాహ్నమే బయలుదేరిపోండి, ఊళ్ళో ఒక పూట తగ్గినా సరే.

శ్రీకాకుళం వాళ్ళకి స్టేషన్ ఊళ్ళో లేదు, ఆమదాలవలసలో ఉంది. పన్నెండు పదమూడు కిలోమీటర్లు. రాత్రి రెండున్నరకి దిగితే ఆటోవాడు చెప్పిందే రేటు. ఒక్కరే అయితే తెల్లవారేదాకా వెయిటింగ్ హాల్లో కూర్చుని మొదటి బస్సో షేర్ ఆటోనో ఎక్కితే టికెట్ డబ్బుల్లో సగం మిగులుతుంది. కుటుంబంతో ఉంటే తెలిసిన ఆటో అతనికి ముందే ఫోన్ చేసి పెట్టుకోండి. రేటు కూడా ఫోన్‌లోనే ఖాయం చేసుకోవాలి. నేరుగా డ్యూటీకి పోవాల్సి వస్తుందని అనుమానం ఉంటే ఇస్త్రీ చొక్కా ఒకటి మడత నలగకుండా సంచి అడుగున పెట్టుకుని, ఐడీ కార్డు పై జేబులో వేసుకోండి.